ఇరవై రెండో గేటుకు దారి

ముందే చెప్పేస్తున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయమూ లేదు. కొత్తూరులో, మా అత్తవారి వీధిలో ఒక ఇల్లుంది. అందులో ఎవరో ఉరి వేసుకున్నారని మా అత్తగారు ఆ ఇంటి ముందు నుంచి వెళ్లదు, చుట్టు తిరిగి వెళ్తుంది. నేను ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని ఫోన్ మాట్లాడుకుంటాను. దిష్టి తీస్తానంటే తల వంచుతాను గానీ, అది పెద్దావిడ తృప్తి కోసమే. ఇది చదివి, ఈమెకు ఎప్పుడూ ఇలాంటివే కనిపిస్తాయి కాబోలు అని ఎవరైనా అనుకుంటే నాకు కోపం వస్తుంది. ముప్పై మూడేళ్లలో నాకు జరిగింది ఇదొక్కటే.

నేను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పని చేస్తాను. నడవలేని ప్రయాణికులను వీల్‌చైర్‌లో కూర్చోబెట్టుకుని కౌంటర్ దగ్గర్నుంచి విమానం తలుపు దాకా తీసుకెళ్లడం నా పని. ఆరేళ్లుగా ఇదే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ బోర్డులు, బాణాలు, అద్దాలు చూసి బెంబేలెత్తిపోతారు. నాకు బోర్డులతో పని లేదు. ఏ లిఫ్టు దగ్గర ఎంతసేపు ఆగాలో, ఏ మలుపులో కుర్చీని కాస్త ముందే తిప్పుకోవాలో నా చేతులకే తెలుసు. కళ్లు మూసుకుని తీసుకెళ్తాను అని కొత్తగా చేరిన ఆడపిల్లల దగ్గర గొప్పలు పోయేదాన్ని. ఒకరోజు నిజంగానే అలా తీసుకెళ్లాల్సి వస్తుందని అప్పుడు తెలియదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎయిర్‌పోర్టు రాకముందు ఈ నేల మీద ఉన్న ఊళ్లలో మాదీ ఒకటి. పేరు రాయను, ఊరివాళ్లను ఇందులోకి లాగడం నాకిష్టం లేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు అందరం లేచి కొత్త కాలనీకి వచ్చేశాం. ఇళ్లు కట్టుకున్నాం, రోడ్లు పడ్డాయి, బడి వచ్చింది. కాలనీ మాత్రం బొడ్డురాయి లేకుండానే ఉండిపోయింది.

బొడ్డురాయి అంటే ఊరి నడిమధ్య పాతే రాయి. మా వైపు ప్రతి ఊరికీ ఉంటుంది, అది లేనిదే ఊరు కాదంటారు. దాన్ని నిలబెట్టే రోజు పెద్ద పండుగ. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలిచి, రాయి మీద బిందెలతో నీళ్లు పోయించి, పుట్టింటి దీవెనగా ఒడిబియ్యం పోసి పంపుతారు. నిలబెట్టే ముందు పెద్దలు పొలిమేర వెంట గ్రామదేవత పేర పొలి అన్నం చల్లుకుంటూ తిరిగి ఊరిని కట్టేస్తారు. ఇక అప్పటి నుంచి రాయి నిలబడే దాకా లోపలివాళ్లు పొలిమేర దాటకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు.

ఎక్కడ పెట్టాలి, ఎవరి చేతుల మీదుగా పెట్టాలి అని మా కాలనీవాళ్లు ఇన్నేళ్లూ కొట్లాడుకున్నారు. మొన్న ఎండాకాలంలో ఎట్టకేలకు ముహూర్తం కుదిరింది. కమిటీలో మా అన్న మల్లేశ్ కూడా ఒకడు.

ఇక్కడే నాకూ అన్నకూ చెడింది. ఆడబిడ్డను పండక్కి పిలవాలంటే పుట్టింటివాళ్లు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఏ చిన్న పండగకైనా బస్సులు మారి కొత్తూరు వచ్చి బొట్టు పెట్టి వెళ్లేది. ఫోన్ చేస్తే సరిపోదా అని నేను విసుక్కుంటే, "ఫోన్ల బొట్టు వెట్టొస్తదా బిడ్డా" అనేది. వరి కోసేటప్పుడు పక్కామె కొడవలి తగిలి అమ్మ కుడి చేతి ఉంగరం వేలి కొస పోయింది. అందుకని చిటికెన వేలితో బొట్టు పెట్టేది. జొన్నగింజంత పడేది. అమ్మ పోయి రెండేళ్లయింది.

అన్న ఏం చేశాడంటే, పండుగ కార్డును ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పడేశాడు. కింద 'అందరు రావాలె' అని రాశాడు. ఆ అందరిలో నేనూ ఒకదాన్నన్న మాట. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా వస్తాడేమోనని వారం రోజులు చూశాను. రాలేదు. వదిన ఫోన్ చేసింది.

"కమిటీ పనులల్ల పడి తిండి గూడ తింటలేడు మీ అన్న. ఏమనుకోకే, పొద్దుగాలనే వచ్చెయ్యి" అంది.

"బొట్టు వెట్టి పిలువని ఇంటికి నేను రాను వదినా. అమ్మ పోయినంక నాకు పుట్టిల్లు లేదనుకుంట" అని పెట్టేశాను.

ఆ మాట అన్నది నేనే, తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చిందీ నేనే. అయినా పట్టు వదల్లేదు. పండుగ రోజు నాకు వారపు సెలవు. దాన్ని మార్చుకుని, నాతో పని చేసే సంధ్య డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాను. ఇంట్లో ఉంటే ఎవరైనా వచ్చి లాక్కెళ్తారేమోనని.

ఆ రోజు పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కాను. ముగ్గురు ప్రయాణికులను మామూలుగానే తీసుకెళ్లి విమానం ఎక్కించి వచ్చాను. పదిన్నరకు గ్రూపులో అన్న గొంతు వచ్చింది. "ఊరు కట్టేసినం. రాయి నిలవెట్టేదాక ఎవ్వరు పొలిమేర దాటొద్దు, జర యాదికుంచుకోండ్రి. ఇగ ఫోన్లు బంద్ చేస్తున్నం." వెనకాల డప్పుల మోత. నేను మూతి తిప్పుకున్నాను. నేను బయటే ఉన్నాను కదా, నన్ను కట్టేసేదెవరు అనుకున్నాను.

నాలుగో ప్రయాణికురాలు కామేశ్వరి గారు. పేరు మార్చి రాస్తున్నాను. డెబ్బై దగ్గరపడిన మనిషి, మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. సొంత ఊరు అమలాపురం పక్కన, ఉండేది అత్తాపూర్‌లో. భర్త గుమ్మం దాకా వచ్చి దింపి వెళ్లారు. ఆవిడ పదకొండు యాభై ఐదు విమానంలో విశాఖపట్నం వెళ్లాలి. ఆ మధ్యాహ్నం మూడింటికి ఆవిడ చెల్లెలికి గుండె ఆపరేషన్. తల్లి చిన్నప్పుడే పోతే ఆ చెల్లెల్ని ఈవిడే పెంచారట. అక్క మొహం చూడందే లోపలికి వెళ్లనని చెల్లెలు మొండికేసి కూర్చుంది.

"అరవై దాటినా దానికి నేనే అమ్మని. నేను కనబడకుండా అది ఆ గదిలోకి వెళ్తే నా ప్రాణం నిలవదమ్మా. ఇది తప్పితే మళ్లీ సాయంత్రానికి గానీ విమానం లేదు. ఎలాగైనా ఎక్కించెయ్యి తల్లీ" అన్నారు, నా చెయ్యి పట్టుకుని.

"పరేషాన్ గాకుండ్రి మేడమ్. నా చేతుల వడ్డరు గద" అన్నాను. ఎందుకైనా మంచిదని నా ఫోన్ నంబరు కూడా తీసుకున్నారు.

సెక్యూరిటీ అయ్యేసరికి పదకొండుకు పది నిమిషాలు. ఇరవై రెండో గేటు. మామూలుగా తోసుకెళ్తే ఏడు నిమిషాల దారి. పదకొండున్నరకు గేటు మూస్తారు. బోలెడంత టైముంది.

దారి కూడా చిక్కుదేం కాదు. పుస్తకాల షాపు, కాఫీ కొట్టు, మంచినీళ్ల కుళాయి దాటితే నేల మీద కదిలే బాట వస్తుంది. దాని పక్క నుంచి చివరిదాకా వెళ్లి కుడికి తిరిగితే ఎదురుగా ఇరవై రెండు కనబడుతుంది. ఆవిడ చెల్లెలి కబుర్లు చెబుతుంటే ఊఁ కొడుతూ నడిచాను. కుడికి తిరిగాను.

ఎదురుగా పుస్తకాల షాపు.

మాటల్లో పడి మధ్యలో ఎక్కడో వెనక్కి తిరిగి ఉంటానని అనుకున్నాను. నాలో నేనే నవ్వుకుని మళ్లీ తోశాను. ఈసారి కళ్లు పెట్టుకుని చూస్తూ వెళ్లాను. కాఫీ కొట్టు, కుళాయి, కదిలే బాట, మలుపు. మలుపు తిరగ్గానే మళ్లీ అదే పుస్తకాల షాపు, అద్దంలో అవే పుస్తకాలు. గడియారం మాత్రం నడుస్తోంది. పదకొండు దాటి మూడు నిమిషాలు.

మూడోసారి నా పొగరు పక్కనపెట్టి బోర్డులు చూసుకుంటూ వెళ్లాను. ఇరవై రెండుకు బాణం సూటిగా ఉంది. సూటిగా వెళ్లాను. కుడికి బాణం ఉన్నచోట కుడికి తిరిగాను. పుస్తకాల షాపు.

నాకు కళ్లు తిరుగుతున్నాయేమోనని కుళాయి దగ్గర ఆగి నీళ్లు తాగాను, మొహం తడుపుకున్నాను. పొద్దున ఉప్మా తిన్నాను, జ్వరం లేదు, నిద్ర తక్కువ కాలేదు. నేను బాగానే ఉన్నాను. ఎర్ర సూట్‌కేస్ లాక్కెళ్తున్న ఒకాయనను అడిగితే ఆయనదీ విశాఖపట్నం విమానమే. ఆయన వెనకాలే కుర్చీ తోసుకుంటూ వెళ్లాను, ఆయన మడమల మీద నుంచి చూపు తిప్పకుండా. మలుపు దగ్గర కుర్చీ ముందు చక్రం దేనికో తట్టుకున్నట్టు ఆగింది. వంగి చూస్తే ఏమీ లేదు. తలెత్తేసరికి ఆయన లేడు. మళ్లీ షాపు ముందు ఉన్నాం.

వెనక్కి వెళ్లి చూశాను, సెక్యూరిటీ వైపు. అటు వెళ్లినా చివరికి ఆ షాపే వచ్చింది.

అద్దాల అవతల ఎండ కాస్తోంది. విమానాలు, నిచ్చెన బళ్లు, తలకు తువ్వాలు చుట్టుకున్న మనుషులు, అన్నీ కనబడుతున్నాయి. పక్కనే జనం కాఫీలు తాగుతున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు. అంత మంది మధ్యలో నన్ను ఎవరో గదిలో పెట్టి గడియ వేసినట్టుంది. అరవాలనిపించింది. యూనిఫామ్ వేసుకున్నదాన్ని నేనే అరిస్తే ఎలా?

ఆ రోజు తన డ్యూటీ నాకిచ్చినా, సంధ్య ఇంకెవరి బదులో అదే షిఫ్టుకు వచ్చింది. ఆమెకు ఫోన్ చేశాను.

"నాకు జర సుస్తుగ ఉందే. మేడమ్‌ను నువ్వు తీస్కపో. పుస్తకాల షాపు ముందటున్న" అన్నాను.

రెండు నిమిషాలకు తిరిగి ఫోన్ చేసింది. "ఏడున్నవే? షాపు ముందట నిలవడ్డ, నువ్వు లేవు."

"నేను గూడ షాపు ముందటనే ఉన్న."

"మజాక్ జేయకు. ఈడ ఎవ్వరు లేరు."

ఆ సమయానికే పైన మైకులో చెన్నై విమానం పిలుపు వచ్చింది. అదే పిలుపు ఫోన్‌లోంచి కూడా వినబడుతోంది, ఒక్క అక్షరం వెనకా ముందూ లేకుండా. ఇద్దరం ఒక్కచోటే నిలబడ్డాం, నా పక్కన ఆమె లేదు. నేను ఫోన్ పెట్టేశాను.

కామేశ్వరి గారికి అనుమానం వచ్చేసింది. ఆవిడ చెల్లెలు విశాఖ నుంచి ఫోన్ చేసింది. "ఎక్కేశానే చిట్టీ, ఇదిగో బయల్దేరబోతున్నాం. వచ్చేస్తున్నా, భయపడకు" అని ఆవిడ అబద్ధం చెప్పారు. ఫోన్ ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత తల వెనక్కి తిప్పి నన్ను చూశారు.

"నువ్వు కొత్తగా చేరావా అమ్మా?"

ఆరేళ్లలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. సిగ్గుతో చచ్చిపోయాను. "ఆరేండ్లాయె మేడమ్" అన్నాను.

కోప్పడతారనుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. నా మొహం చూసి జాలిపడ్డారేమో, చెయ్యి మీద తట్టి, "కంగారుపడకు. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకో. మీదే ఊరమ్మా?" అని అడిగారు.

"ఈడనే మేడమ్. మా ఊరు ఈడనే ఉండె. ఇగో, ఈ బండల కిందనే."

అన్నాక కిందికి, ఆ బండల వైపు చూశాను.

నేను కాలనీకి బయట ఉన్నాను, అది నిజమే. కానీ ఊరికి బయట లేను. మా ఊరి నడిబొడ్డున నిలబడి ఉన్నాను. పొద్దున్నుంచీ డ్యూటీ అనుకుని తిరుగుతున్న నేల మా అమ్మ ఊడ్చి కళ్లాపి చల్లిన నేల. ఊరు కట్టేసినం, ఎవ్వరు పొలిమేర దాటొద్దు అన్నాడు అన్న. నేను ఆ పదిన్నర తర్వాతి నుంచీ దాటబోతూనే ఉన్నాను.

ఇది నమ్మకంతో అనుకున్న మాట కాదు. ఇంకేమీ తోచక అనుకున్నది. అన్నకు ఫోన్ చేశాను, స్విచ్చాఫ్. వదినది స్విచ్చాఫ్. పదకొండు దాటి ఇరవై నిమిషాలు. ఇంకో పది నిమిషాల్లో గేటు మూసేస్తారు. ఒక అక్కాచెల్లెళ్ల మధ్య నేను అడ్డంగా నిలబడ్డాను, అది కూడా నా అలక వల్ల. అంత బాధ నాకు ఎప్పుడూ కలగలేదు.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఊరు కట్టినప్పుడు బయటికి దారి ఉండదు. కానీ రాయి దగ్గరికి వెళ్లడానికి ఎవరూ అడ్డం చెప్పరు. అసలు ఆ రోజు అందరూ వెళ్లాల్సింది అక్కడికే. మా పాత బొడ్డురాయి దగ్గరికి నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు వెళ్లాను. పండుగ పూట అమ్మ బిందె ఎత్తుకుని ముందు నడిచేది, నేను చిన్న చెంబు పట్టుకుని ఆమె వెనకాలే వెళ్లేదాన్ని. ఆ దారి నా కాళ్లకు తెలుసు.

"మేడమ్, ఒక్క రెండు నిమిషాలు నన్నేం అడుగకుండ్రి" అని చెప్పి కళ్లు మూసుకున్నాను.

నిలబడ్డ చోటే మా ఇంటి దర్వాజ అనుకున్నాను. దర్వాజ దాటి కుడికి. కుమ్మరోళ్ల మట్టిగోడ వెంట నలభై అడుగులు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ తోశాను. నిజానికి కుడికి పది అడుగులు వేస్తే అద్దాల గోడకు గుద్దుకోవాలి. గుద్దుకోలేదు. మనుషులు కూడా ఎవరూ తగల్లేదు. నలభై అయ్యాక అక్కడ చిన్న దిగుడు ఉండేది, వానాకాలంలో జారేవాళ్లం. కుర్చీ ముందుకు జారబోయింది. పల్లంలో బండి లాగినట్టు లాగింది, నేను వెనక్కి పట్టుకోవాల్సి వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆ మేర నేల ఎక్కడా వాలుగా లేదని నేను ఏ పుస్తకం మీదైనా ప్రమాణం చేస్తాను.

దిగుడు తర్వాత చేదబావి. బావి దగ్గర ఎడమకు. అక్కడినుంచి పిండి గిర్ని దాకా నేరుగా. కళ్లు తెరవాలని ఒకటే తహతహ. తెరిస్తే పుస్తకాల షాపు ఉంటుందని భయం. కామేశ్వరి గారు చిన్నగా ఏదో మాట్లాడటం వినబడింది. "అలాగేనమ్మా, అలాగే. తప్పకుండా చెప్తాను" అన్నారు. చెల్లెలితో ఫోన్ అనుకున్నాను. గిర్ని దాటితే రాయి. ఇంకో ఇరవై అడుగులు వేసి ఆగిపోయాను.

"మేడమ్, విశాఖపట్నమా? త్వరగా రండి, మీకోసమే చూస్తున్నాం" అన్న గొంతు వినబడింది.

కళ్లు తెరిచాను. ఇరవై రెండో గేటు. బల్ల వెనకున్న అమ్మాయి చెయ్యి చాపి బోర్డింగ్ పాస్ అడుగుతోంది. ఆమె వెనక గడియారంలో పదకొండు ఇరవై ఏడు.

విమానానికి కలిపే వంతెన మీద దాదాపు పరిగెత్తాను. నా కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తలుపు దగ్గర ఆవిడను మెల్లగా లేపి విమానంలోని అమ్మాయికి అప్పగించాను. ఆవిడ లోపలికి అడుగు పెట్టబోతూ ఆగి వెనక్కి తిరిగారు. అప్పుడు చూశాను, ఆవిడ నుదుట పెద్ద ఎర్ర బొట్టు బిళ్ల ఉంది. దాని పైన, కనుబొమల మధ్య కాకుండా కొంచెం ఎత్తులో, చిన్న కుంకుమ బొట్టు.

"మీ అమ్మగారితో చెప్పమ్మా, చెల్లెలికి తగ్గాక వస్తానని. పాపం అంత దూరం మనకి దారి చూపిస్తూ ముందు నడిచింది. పండగకి రమ్మని నాకూ బొట్టు పెట్టింది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఏ అమ్మ మేడమ్?" అన్నాను.

"అదేంటి, బిందె పట్టుకున్నావిడ! ఎయిర్‌పోర్టులో బిందె ఏమిటా అనుకున్నాను, అడిగే వ్యవధి ఎక్కడ. 'మా బిడ్డ అలిగింది, మీరన్న జర చెప్పుండ్రమ్మా' అంది. నీకూ పెట్టిందిగా, నువ్వే కళ్లు మూసుకున్నావు." ఆవిడ నుదురు తడుముకుని నవ్వారు. "మేం ఉంగరం వేలితో పెడతాం. మీ వైపు చిటికెన వేలితో పెడతారు కాబోలు."

తలుపు మూశారు.

ఖాళీ కుర్చీ వెనక్కి తోసుకొచ్చాను. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి అద్దం చూసుకున్నాను. డ్యూటీలో నేను నల్ల స్టిక్కర్ పెట్టుకుంటాను. దాని పైన జొన్నగింజంత కుంకుమ ఉంది. వేలితో తాకితే తడిగా అంటింది. కుంకుమలో నీళ్లు కలిపి పెట్టేది అమ్మ, రాలిపోకుండా.

సూపర్‌వైజర్ అడిగితే కుర్చీ చక్రం ఇరుక్కుందని చెప్పాను. సంధ్య రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, ఆట పట్టించానని. కెమెరాల్లో ఏం పడిందో చూపించమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది, ఇప్పటికీ లేదు. మర్నాడు ఖాళీ కుర్చీ తోసుకుంటూ అదే దారిలో వెళ్లాను. ఏడు నిమిషాలు పట్టింది. షాపు దగ్గర్నుంచి కుడికి నడిచి చూశాను. తొమ్మిదో అడుగుకు అద్దం తగిలింది.

పండుగ రోజే మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగుతుండగా విశాఖ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది చెల్లెలు. "అక్క వచ్చేసిందమ్మా. నీకు చెప్పమంది. ఇక నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్లినా పర్లేదు" అని నవ్వింది. ఆవిడ ఇప్పుడు బాగానే ఉందని తర్వాత కామేశ్వరి గారు చెప్పారు.

నేను కొత్తూరు బస్సు ఎక్కలేదు. యూనిఫామ్‌లోనే కాలనీకి వెళ్లాను. రాయి నిలబడి ఉంది, దాని చుట్టూ బురద, పసుపు, ఆడవాళ్ల గోల. అన్న గొంతు బొంగురుపోయి ఉంది. నన్ను చూసి మొదట మామూలుగానే మాట్లాడాడు, ఏదో ఒకటి మాట్లాడాలని. పదకొండుంబావుకు ముహూర్తమైతే రాయి కుదురుగా నిలిచేసరికి ఇంకో పది నిమిషాలు దాటిందట, అంటే నేను గేటు దగ్గర కళ్లు తెరిచే వేళకు.

"ఎల్లయ్య తాత ఇనలేదే. పాత పొలిమేర గూడ కట్టాలె, లేకుంటె ఊరెట్లయితది అన్నడు. ట్రాలీ ఆటోల ఎయిర్‌పోర్టు గోడ పొంటి తిరిగి పొలి చల్లొచ్చినం" అన్నాడు.

ఎల్లయ్య తాత మా ఊరి పెద్దల్లో ఒకడు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. గ్రూపులో ఎవరూ పెట్టలేదు.

చెబుతూ చెబుతూ అన్న నా మొహం వైపు చూసి ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి నా నుదురు చూశాడు. అమ్మ వాడికీ అలాగే పెట్టేది, పరీక్షలకు వెళ్లేటప్పుడు. రాయి పక్కనే ఉన్న మా ఇంటి గడప మీద కూలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "తప్పయిందే చెల్లె" అన్నాడు. నేనూ ఏడ్చాను. వదినే లోపలికెళ్లి బిందె తెచ్చి నా చేతికిచ్చింది. సాయంత్రం ఒడిబియ్యం పోశారు.

నేను కళ్లారా చూసింది చూసినట్టు రాశాను. కళ్లు మూసుకున్నప్పటి సంగతి కామేశ్వరి గారు చెప్పినట్టు రాశాను. నా తల తిరిగి అదే చోట గిర్రున తిరిగానని మా ఆయన అంటాడు. అయ్యుండొచ్చు. మరి ఆ కుంకుమ? మా అమ్మ చిటికెన వేలితో బొట్టు పెట్టేదని అమలాపురం ఆవిడకు ఎవరు చెప్పారు? దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ నమ్మను. అమ్మను ఆ పేరుతో పిలవడానికి నాకు నోరు రాదు, ఇంకే పేరుతో పిలవాలో తెలియదు.

మొన్న వదిన పప్పు రుబ్బుతూ దెప్పింది. "అంత పట్టు వట్టినదానివి, ఆ రోజు మరి ఎట్లొచ్చినవే?"

"బొట్టు వెట్టి పిలిచిన్రు వదినా," అన్నాను. "రాకుంటె ఎట్ల?"